మోడు కాని మోడు: నగరవృక్షాల తలకోత, అల్లిక

ఉద్యోగరీత్యా ఫిబ్రవరి నెలలో తొలిసారి వాల్డార్ఫ్ చేరుకున్నవారికి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక దృశ్యం ఎదురవుతుంది. చర్చి ముందరి ఖాళీ స్థలంలోనో, బడి ఆవరణలోనో, రైల్వేస్టేషను దారిలోనో కొన్ని చెట్లు వరసగా నిలబడి ఉంటాయి. నిటారైన మాను, దానిపైన నాలుగైదు బలమైన కొమ్మలు, ప్రతి కొమ్మ చివరా బిగించిన పిడికిలి లాంటి బుడిపె. ఆకు లేదు, రెమ్మ లేదు. తెలుగునేల నుంచి వచ్చినవారికి ఆ క్షణంలో గుర్తుకు వచ్చేది విద్యుత్తు తీగల కింద తల తెగి నిలిచిన వీధి వేపచెట్టు. ఇంత క్రమశిక్షణ గల దేశంలో కూడా చెట్లను ఇలాగే మొండెం చేస్తారా అన్న ప్రశ్న పుట్టడం సహజం.

మే నెల ముగిసేసరికి ఆ పిడికిళ్ళ నుంచే వందలాది కొమ్మలు లేచి పచ్చని గొడుగులవుతాయి. వాటి కింద బల్లలు వేసుకుని జనం కాఫీ తాగుతూ ఉంటారు. తల తెగిన వీధి వేప కూడా చిగురిస్తుంది. కాని అయిదారేళ్ళలో దాని కొత్త కొమ్మ ఒకటి గాలివానకు విరిగి ఏ ఆటో మీదనో పడుతుంది. పైకి ఒకేలా కనబడే ఈ రెండు కోతల మధ్య తేడా ఎక్కడుంది? కత్తి పదునులోనో, చెట్టు జాతిలోనో మాత్రమే దాన్ని వెతికితే సగమే దొరుకుతుంది. మిగతా సగం, కోసినవారు మళ్ళీ ఎప్పుడు వస్తారన్నదానిలో ఉంది.

పేరు, పుట్టుక

ఇంగ్లీషులో ఈ పద్ధతిని పొలార్డింగ్ అంటారు. ‘పోల్’ అంటే తల. తలలు లెక్కపెట్టే ‘పోలింగు’లో ఉన్నదీ ఆ మాటే. జర్మన్ భాషలో ఇలాంటి చెట్టు పేరు ‘కోప్ఫ్‌బౌమ్’, అంటే తలచెట్టు. చెట్టును నేలకు సుమారు రెండు మూడు మీటర్ల ఎత్తున కోసి, అక్కడ మొలిచిన కొమ్మలను నిర్ణీత కాలాలలో మళ్ళీ మళ్ళీ అదే చోట కోయడం ఈ పద్ధతి. ఈ వ్యాసంలో దీన్ని తలకోత అందాం. ఏ క్రమమూ లేకుండా ఎదిగిన చెట్టు తలను ఒక్కసారిగా నరికి వదిలేయడాన్ని మొండినరుకు అందాం.

తలకోత అలంకారం కోసం పుట్టినది కాదు. మధ్యయుగపు ఐరోపాలో పశువులు తిరిగే చోటే వంటచెరకూ కావలసి వచ్చేది. చెట్టును నేలమట్టంగా నరికితే లేత చిగుళ్ళను పశువులు తినేస్తాయి. వాటి నోటికి అందని ఎత్తున కోస్తే కింద మేత, పైన కట్టె రెండూ దక్కుతాయి. విల్లో చెట్ల తలల నుంచి వచ్చిన సన్నని కొమ్మలు బుట్టలకూ తడికలకూ పనికొచ్చేవి. జర్మనీలో నేటికీ నిలిచి ఉన్న పాత కొయ్యచట్రపు ఇళ్ళలో దూలాల మధ్య జాగాలను ఇలాంటి కర్రల అల్లికతోనే నింపి మట్టి మెత్తేవారు. తెలుగునాట తడిక అల్లి మట్టి మెత్తిన గోడలు చూసినవారికి ఆ పనితనం కొత్త కాదు.

ఆ మాటకొస్తే తలకోత వెనుక ఉన్న సూత్రమూ తెలుగు రైతుకు కొత్త కాదు. మేకల కోసం మండలు కొట్టడం, పొలం గట్టున గ్లిరిసిడియా పెంచి పచ్చిరొట్టగా మడిలో తొక్కించడం, హిందూపురం ప్రాంతంలో పట్టుపురుగుల మేత కోసం మల్బరీని పదే పదే కోయడం, కాపు అయ్యాక మునగను మీటరు ఎత్తున నరికి కార్శి పంట తీయడం, ప్రకాశం, ఖమ్మం జిల్లాలలో జామాయిల్‌ను మొదలంటా నరికి మోడు నుంచి మళ్ళీ పెంచడం అన్నీ ఒకే ఎరుక మీద నిలిచిన పనులు. చెట్టును చంపకుండా పంట తీయవచ్చు, కాకపోతే కోతకొక వేళ ఉంది. ఐరోపాలో ఈ ఎరుక పొలం నుంచి వీధిలోకి నడిచి వచ్చింది. తెలుగునాట అది పొలంలోనే ఆగిపోయింది.

చెట్టు లోపల జరిగేది

చెట్టు గాయాన్ని మాన్పుకోదు. మనిషి చర్మంలాగా చెడిన కణజాలం స్థానంలో కొత్తది పుట్టదు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షీగో వేలాది కాండాలను నిలువునా చీల్చి పరిశీలించి, 1977లో వివరించిన సిద్ధాంతం సారాంశం ఇది: చెట్టు గాయం చుట్టూ గోడలు కట్టుకుంటుంది. చెడిన భాగాన్ని లోపలే బంధించి, దాని మీదుగా కొత్త కలపను పెంచుకుంటూ పోతుంది. గోడ ఎంత త్వరగా, ఎంత గట్టిగా కట్టగలదన్నది గాయం పరిమాణం మీదా, అక్కడ బతికున్న కణాల మీదా, చెట్టు జాతి మీదా ఆధారపడి ఉంటుంది. లేత కొమ్మలో దాదాపు అంతా సజీవమైన కలపే. ముదురు కొమ్మ నడుమ ఉన్నది చేవ. దానికి ఎదుర్కొనే శక్తి తక్కువ. అందుకే జర్మనీలో వృక్షసంరక్షణ పనులకు ప్రమాణంగా తీసుకునే నియమావళి, గోడ కట్టే శక్తి తక్కువగా ఉన్న జాతుల్లో 5 సెంటీమీటర్లు, ఎక్కువగా ఉన్న జాతుల్లో 10 సెంటీమీటర్లు దాటిన గాయాలు చేయకూడదంటుంది. విల్లో, పాప్లర్, గుర్రపు చెస్ట్‌నట్ మొదటి కోవకు చెందినవి. లిండెన్, హార్న్‌బీమ్ రెండవ కోవకు చెందినవి.

తలకోత నైపుణ్యమంతా ఈ అంకెల్లో ఉంది. చెట్టు పడుచుగా ఉన్నప్పుడే, కొమ్మ మణికట్టు లావు దాటకముందే మొదటి కోత పడాలి. కొమ్మ కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే వృద్ధికారకం కింది మొగ్గలను నిద్రపుచ్చి ఉంచుతుంది. కొన తెగగానే ఆ అదుపు తొలగి, బెరడు కింద దాగిన మొగ్గలు గుంపుగా మేల్కొంటాయి. ఒకటి నుంచి మూడేళ్ళకొకసారి ఆ కొత్త కొమ్మలను వాటి మొదట్లో, పిడికిలికి తగలకుండా కోస్తారు. ఏటేటా గాయాలను కప్పుకుంటూ కలప పేరుకోవడం వల్ల ఆ పిడికిలి ఏర్పడుతుంది. చెట్టు పిండిపదార్థాన్ని దాచుకునే కొట్టూ, నిద్రమొగ్గల నిలయమూ, కుళ్ళును అడ్డుకునే కోటా అదే. నునుపుగా ఉంటుందని పిడికిలిని కోసేస్తే ఇన్నేళ్ళ రక్షణా ఒక్క కోతతో పోతుంది.

శీతకాలాన్నే ఎంచుకోవడానికీ కారణముంది. ఆకు రాలేలోపు చెట్టు తన ఆహారాన్ని కాండంలోకీ వేళ్ళలోకీ దించుకుంటుంది. అప్పుడు కోస్తే పోయేది ఖాళీ కొమ్మ. వసంతంలో, దాచుకున్నదంతా చిగుళ్ళకు ఖర్చయ్యాక కోస్తే చెట్టు రెండోసారి అప్పు చేయవలసి వస్తుంది. దీనికి చట్టం మరో కారణాన్ని చేర్చింది. జర్మన్ ప్రకృతి పరిరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 వరకు కంచెలనూ పొదలనూ, అడవి వెలుపలి అనేక చెట్లనూ మొదలంటా కోయడం నిషిద్ధం. ఆ ఏటి పెరుగుదలను సుతారంగా కత్తిరించడానికి మాత్రం అనుమతి ఉంది. పక్షులు గూళ్ళు కట్టే కాలమది.

మొండినరుకులో ఇదంతా తలకిందులవుతుంది. ముప్ఫయి ఏళ్ళ చెట్టుకు తొడ లావు కొమ్మలు తెగుతాయి. ఆ గాయాలను చెట్టు ఎన్నటికీ కప్పలేదు. కుళ్ళు చేవ వెంట లోపలికి దిగుతుంది. ఆకులన్నీ ఒక్కసారిగా పోయిన చెట్టు ఆకలితో కోత అంచున గుబురుగా చిగురిస్తుంది. ఆ గుబురును చూసి చెట్టు బతికిపోయిందని అందరూ సంతోషిస్తారు. నిజానికి ఆ కొత్త కొమ్మలు బెరడు కింది పలుచని పొరకు మాత్రమే అతుక్కుని ఉంటాయి. కింద కుళ్ళు పెరుగుతూ, పైన బరువు పెరుగుతూ పోతే ఏదో ఒక గాలికి అవి ఊడిపడతాయి. మునగచెట్టు ఎక్కించడమన్న జాతీయం వెనుక ఉన్న అనుభవం ఇదే: పచ్చగా, ఏపుగా కనబడే కొమ్మ బరువు మోస్తుందని నమ్మకూడదు. తలకోత పొందిన చెట్టుకూ అలాంటి కొమ్మలే వస్తాయి. కాని అవి ప్రమాదకరమైనంత లావు కాకముందే కోసేవాడు తిరిగి వస్తాడు.

తిరిగి రాకపోతే

తిరిగి రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి లండన్ అంచున ఉన్న ఎపింగ్ అడవి సాక్ష్యంగా నిలిచి ఉంది. అక్కడి పల్లెజనానికి శీతకాలంలో కొమ్మలు కొట్టుకునే హక్కు తరతరాలుగా ఉండేది. అడవిని ఆక్రమణల నుంచి కాపాడిన 1878 నాటి చట్టమే ఆ హక్కును కూడా ముగించింది. చెట్లను బతికించాలన్న సదుద్దేశంతో కోత ఆపారు. అక్కడి బీచ్, హార్న్‌బీమ్ చెట్ల పిడికిళ్ళ మీద కొమ్మలు మానుల్లా ఎదిగాయి. బోలుగా మారిన పాత కాండం ఆ బరువు మోయలేక నిలువునా చీలిపోవడం మొదలైంది. ఇప్పుడు మళ్ళీ పాత ఎత్తుకు కోద్దామంటే, శతాబ్దానికి పైగా కోత ఎరగని ముసలి చెట్టు ఆ దెబ్బకు తట్టుకోలేకపోవచ్చు. అందుకని ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తల తగ్గించుకుంటూ రావలసి వస్తోంది.

తలకోత ఆపదలచుకున్నా ఆపలేని పని అన్నమాట. మొదటి కోత వేసినవారు తమ తరువాతి మూడు తరాల తోటమాలులకు పని అప్పగిస్తారు. ఆ పని తప్పకుండా జరిగినచోట చెట్టుకు ఆయుష్షు పెరుగుతుంది. తల చిన్నది కావడంతో గాలికి కూలే ప్రమాదం తగ్గి, అదే జాతి మామూలు చెట్ల కన్నా తలచెట్లు ఎక్కువకాలం నిలవడం ఐరోపాలో పలుచోట్ల చూడవచ్చు. వాటి బోలు కాండాలలో, తెలుగు ఊళ్ళలో కనబడే చిన్న గుడ్లగూబకు సమీప బంధువైన పక్షి గూడు పెడుతుంది. ఐరోపా సమాఖ్య 1992 నాటి ఆవాస పరిరక్షణ ఆదేశం ప్రత్యేక రక్షణ కల్పించిన ‘సన్యాసి పురుగు’ అనే పెంకుపురుగు ఆ బోలులోని పొట్టులోనే పెరుగుతుంది. బుట్టలల్లేవారు లేని ఈ కాలంలో జర్మనీలోని విల్లో తలచెట్లను శీతకాలపు సెలవురోజుల్లో కోసేది చాలాచోట్ల ప్రకృతి పరిరక్షణ సంఘాల స్వచ్ఛంద సభ్యులే. గిరాకీ పోయినా ఒప్పందం మిగిలింది.

అల్లిక

తలకోతకు తోబుట్టువు లాంటిది ప్లీచింగ్. ఆ మాటకు మూలార్థమే అల్లడం. వరసగా నాటిన పడుచు చెట్లకు రెండు మీటర్ల దాకా కాండాన్ని నగ్నంగా వదిలి, ఆపైన వెదురుతోనో తీగలతోనో కట్టిన చట్రానికి పక్క కొమ్మలను అడ్డంగా కడతారు. ముందుకూ వెనక్కూ పోయే కొమ్మలను తీసేస్తారు. లేత కొమ్మ వంగుతుంది కనుక వేసవిలోనే కట్టాలి. కలప ముదిరాక వంచితే విరుగుతుంది. కొన్నేళ్ళకు పక్కపక్క చెట్ల కొమ్మలు ఒరుసుకుని, బెరడు అరిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కూడా. అప్పుడది కాళ్ళ మీద నిలబడిన పచ్చని గోడ. నెదర్లాండ్స్‌లో పాత రైతు ఇళ్ళ ముందు ఎండ పడే వైపున ఇలా అల్లిన లిండెన్ వరసలు నేటికీ కనబడతాయి. వేసవిలో అవి ఇంటిని చల్లగా ఉంచేవి. శీతకాలంలో ఆకురాలి వెలుతురును వదిలేవి.

వాల్డార్ఫ్‌లో ఉండేవారికి చెట్టును చెప్పినట్టు వినేలా చేసిన ఈ కళ నమూనా కూతవేటు దూరంలోనే ఉంది. షెవెట్సింగెన్ రాజోద్యానాన్ని 18వ శతాబ్దం నడుమ పాలటినేట్ పాలకుడు కార్ల్ తియొడోర్ తీర్చిదిద్దించాడు. అప్పట్లో వాల్డార్ఫ్ కూడా ఆయన ఏలుబడిలోదే. 1763లో అక్కడ పుట్టి అమెరికాకు వలసపోయిన జాన్ జేకబ్ ఆస్టర్ కూడా పుట్టుకతో ఆయన ప్రజే. ఆ ఉద్యానపు వృత్తాకార భాగంలో కత్తిరించిన లిండెన్ వరసలు జ్యామితి పాఠంలా సాగుతాయి. ఉత్తరాన డార్మ్‌స్టాట్‌లోని మథిల్డెన్‌హోహె కొండ మీద 19వ శతాబ్దంలో నాటిన ప్లేన్ చెట్ల తోపు మరో పాఠం. కాశ్మీరు చినార్‌కూ అమెరికా ప్లేన్‌కూ పుట్టిన సంకరజాతి చెట్లను అక్కడ తలలు కలిపి ఒకే కప్పులా పెంచారు. వాటి నడుమ శిల్పి బెర్న్‌హార్డ్ హోట్గర్ చెక్కిన బొమ్మలున్నాయి. ఆ కొండను 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

అల్లిక రాజులకే పరిమితం కాలేదు. బవేరియాలోని లిమ్మర్స్‌డార్ఫ్ పల్లెలో ఒక లిండెన్ చెట్టు కొమ్మలను అడ్డంగా మలిచి, వాటి నడుమ కొయ్య వేదిక కట్టి, ఊరి జాతరలో ఆ చెట్టులోనే నాట్యమాడతారు. వాల్డార్ఫ్ ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలోనే, నాగోల్డ్ పట్టణంలో 2012 ఉద్యాన ప్రదర్శన కోసం వాస్తుశిల్పి ఫెర్డినాండ్ లుడ్విగ్ ప్లేన్ మొక్కలను అంతస్తులుగా పేర్చి, ఒకదానికొకటి అంటుకుని పెరిగే సజీవ కట్టడాన్ని నిర్మించాడు. ఆయన తన పరిశోధనకు ఆధారంగా చేసుకున్నవాటిలో మేఘాలయలోని వేళ్ళ వంతెనలు కూడా ఉన్నాయి. ఖాసీ, జయంతియా ప్రజలు రబ్బరు మర్రి ఊడలను వాగు మీదుగా నడిపించి తరాల కాలంలో వంతెనలుగా మలచడం అక్కడి విద్య.

ఆ విద్యకు తెలుగు రూపం కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానులో కనబడుతుంది. 1989లో గిన్నిస్ గ్రంథానికెక్కిన ఆ మర్రి వేలాడే ఊడలను మట్టి, ఎరువు నింపిన వెదురు గొట్టాల ద్వారా అటవీశాఖ సిబ్బంది నేలకు దించుతారు. నేలను తాకిన ఊడ స్తంభమై కొమ్మను మోస్తుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2017 చివర చెదల వల్ల పెద్ద కొమ్మ కూలినప్పుడు, సెలైన్ సీసాలతో మందు ఎక్కించడంతో పాటు ఊడలకు దారి చూపడం కూడా చికిత్సలో భాగమైంది. చెట్టుకు చెయ్యందించి ఏళ్ళ తరబడి దాని వెంట నడవడం తెలుగు నేలకు తెలియనిది కాదని చెప్పడానికి ఈ రెండూ చాలు.

వాల్డార్ఫ్ నుంచి హైదరాబాదుకు

అలాగని వాల్డార్ఫ్‌లో చూసినదాన్ని హైదరాబాదు వీధికి యథాతథంగా తేవచ్చా? సూర్యుడు ఒప్పుకోడు. 49 డిగ్రీల అక్షాంశానికి పైనున్న వాల్డార్ఫ్‌లో డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి 17 డిగ్రీలకు మించి పైకి రాడు. ఆ నెలల్లో వెలుతురే అపురూపం; తల తీసిన చెట్టు కిటికీలకు మేలు చేస్తుంది. 17 డిగ్రీల అక్షాంశాన ఉన్న హైదరాబాదులో అదే రోజు సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మే నెలలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం చెట్టు నుంచి కోరేది నీడనే. విద్యుత్తు తీగల కోసం వర్షాలకు ముందు జరిగే నరుకుడు సరిగ్గా నీడ ప్రాణావసరమైన నెలల్లో పడుతుంది. నీడలో పెరిగిన బెరడు ఒక్కసారిగా ఎండకు గురై పగులుతుంది కూడా.

తలకోతకు జర్మనీలోనూ విమర్శలు లేకపోలేదు. ఆకుల విస్తీర్ణం తగ్గితే నీడా, గాలిని చల్లబరిచే శక్తీ తగ్గుతాయి. 2018 నుంచి తరచుగా వస్తున్న పొడి వేసవుల తరువాత ఆ లెక్కకు బరువు పెరిగింది. ప్రతి కోతా రోగానికి తలుపే. దక్షిణ ఫ్రాన్స్‌లోని మిదీ కాలువ గట్టున వేలాది ప్లేన్ చెట్లను బలిగొన్న శిలీంధ్రం గాయాల ద్వారా, శుభ్రం చేయని పనిముట్ల ద్వారా వ్యాపిస్తుంది. స్థలం ఉన్నచోట చెట్టును సహజంగా ఎదగనివ్వడమే మేలన్న అభిప్రాయం అందువల్ల బలపడుతోంది.

భారతీయ చట్టాలు ఈ పదాన్ని మరో చోట నిలబెట్టాయి. 1994 నాటి ఢిల్లీ వృక్ష పరిరక్షణ చట్టంలో ‘చెట్టును కూల్చడం’ అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలో వేళ్ళతో పెకలించడం, బెరడు వలవడం, విషం పెట్టడం, తగలబెట్టడం సరసన పొలార్డింగ్ కూడా ఉంది. జర్మన్ నియమావళిలో సంరక్షణగా నమోదైన పని ఢిల్లీ చట్టంలో హననంతో సమానమైంది. రెండూ తమ తమ అనుభవాన్ని బట్టి సరైనవే. ఒక చోట కోసినవాడు మళ్ళీ వస్తాడని తెలుసు. మరో చోట రాడని తెలుసు. తెలుగు రాష్ట్రాలలో చెట్ల నరికివేతను నియంత్రించడానికి 2002 నాటి వాల్టా చట్టం ఉంది. కాని ఏ చట్టమూ కొమ్మను సరైన చోట కోయడం నేర్పలేదు.

జర్మన్ వీధిలో నుంచి ఇంటికి తీసుకుపోదగినది మరొకటి ఉంది. అక్కడి అనేక ఊళ్ళలో వీధిచెట్టు కాండానికి చిన్న సంఖ్యాఫలకం కొట్టి ఉంటుంది. పురపాలక సంస్థ నిర్వహించే వృక్షపట్టికలో ఆ సంఖ్య కింద జాతి, నాటిన కాలం, చివరి తనిఖీ, జరిగిన కోత, రావలసిన కోత నమోదవుతాయి. కొమ్మ పడి ఎవరికైనా గాయమైతే జవాబు చెప్పుకోవలసిన బాధ్యత ఆ సంస్థదే కనుక ఈ పట్టిక అలంకారం కోసం కాదు. కోతకు క్యాలెండరు, క్యాలెండరుకు యజమాని ఉండటమే ఆ ఫలకం అర్థం.

తెలుగు నగరాల్లో ఇలాంటి పట్టిక ఉంటే చేయవలసిన పని చాలావరకు తలకోత కూడా కానక్కరలేదు. తీగల కింద ఎత్తు పెరగని జాతులను నాటడం, నాటిన మొదటి పదేళ్ళలో కొమ్మలను తీగకు ఎడంగా మలచడం, కోయక తప్పనప్పుడు మొండెం చేయక పక్క కొమ్మ దాకా తగ్గించడం చాలు. తలకోతకు ఓర్చుకునే కానుగ లాంటి చెట్లను ఇరుకు వీధుల్లో అలా పెంచదలచుకుంటే పడుచులోనే మొదలుపెట్టి, ఆకురాలే మాఘ ఫాల్గుణాల్లో, కొత్త చిగురుకు ముందు, క్రమం తప్పక కోయాలి. కొమ్మ పెళుసుగా ఉండే తురాయి లాంటివాటికి అది తగదు. అరవయ్యేళ్ళ వేపకు అసలే తగదు.

రాబోయే ఫిబ్రవరిలోనూ వాల్డార్ఫ్ చుట్టుపక్కల ఊళ్ళలో నిచ్చెనలు లేస్తాయి. పిడికిళ్ళ మీది కొమ్మలు తెగి కింద కుప్ప పడతాయి. ఆ కొమ్మల మొదళ్ళు వేలి లావును మించవు. గాయాలు ఒకటి రెండు వేసవులలో పూడిపోతాయి. చెట్టును మోడు చేయడానికి ఒక్క పూట చాలు. మోడు కాకుండా కోయాలంటే ఆ తోటమాలి తరువాత కూడా ఆ నిచ్చెన ఎక్కేవాడొకడు ఉండాలి.